ఇషాక్ అతికించిన పలువరస

సత్తెనపల్లిలో ఒక పళ్ళ డాక్టరుగారి క్లినిక్ వెనక గదిలో ఇషాక్ కట్టుడు పళ్ళ సెట్లు బాగుచేస్తాడు. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. అతికించిన ప్రతి సెట్టు అంచునూ బొటనవేలి గోటితో గీకి చూస్తాడు. గోరు ఎక్కడైనా తట్టుకుందా, ఊడదీసి మళ్ళీ మొదలు. అంత చాదస్తమేమిటని నవ్వేవాళ్ళున్నారు. నవ్వనీయండి, నమలాల్సి వచ్చినప్పుడు వాళ్ళూ అతని దగ్గరికే వస్తారు.

ఆ శనివారం అతని ముందున్నది ఎలీసమ్మ పై సెట్టు. ఆమె మిరపకాయల తొడిమలు తీసే కూలీ. వాళ్ళ ఊరి చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆమే. చిగుళ్ళు అరిగి సెట్టు వదులై, కిందటి ఆదివారం పాట మధ్యలో జారి ఒళ్ళో పడింది. అందరూ నవ్వారు. రేపు మట్టలాదివారం, చర్చిలో పెద్ద పండగ. ఇక పాడనని పాస్టరుగారికి చెప్పేసింది, కానీ మనసొప్పక క్లినిక్‌కి వచ్చింది. డాక్టరుగారు అచ్చు తీసి, లోపల కొత్త పొర వెయ్యమని సెట్టు ఇషాక్‌కి ఇచ్చారు.

అతను పాత ప్లాస్టిక్‌ని పైపైన అరగదీసి, లిక్విడ్ పూసి మెత్తబరిచి, అదే లిక్విడ్‌లో పౌడరు కలిపిన గులాబీరంగు ముద్ద పరిచి, వేడినీళ్ళున్న ప్రెషర్ కుక్కర్‌లో పెట్టాడు. గట్టిపడ్డాక తీసి గోరు పెట్టాడు. కొత్త పొర అరటితొక్కలా లేచి వచ్చింది.

లిక్విడ్ మంచిదే, పౌడరూ మంచిదే. ఏం జరిగిందో అర్థంకాక, బయట ఎదురుచూస్తున్న ఎలీసమ్మ దగ్గరికొచ్చి, సెట్టు నిలవడానికి ఇంట్లో ఏమైనా పెట్టేదానివా అని అడిగాడు. ఆమె తల దించుకుంది. చేలో ఏరిన పత్తిలో గింజ తీసేసి, మిరపఘాటుకి చిగుళ్ళు మండకుండా కొబ్బరినూనెలో ముంచి, సెట్టు కింద కుక్కుకునేదట, చాన్నాళ్ళుగా. నూనె ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయింది. నూనె ఉన్నచోట ఏదీ అతకదు.

బస్సు వేళయిందనీ, రేపొక్కపూట నిలిస్తే చాలు, ఎలాగోలా అంటించి ఇచ్చెయ్యమనీ బతిమాలింది.

“నిలవదమ్మా. పాట మధ్యలో ఊడుద్ది. మళ్ళీ నలుగురిలో నవ్వులపాలవుతావు. కూర్చో,” అన్నాడు ఇషాక్.

సబ్బుతో తోమి, నూనె అంటని ప్లాస్టిక్ తగిలేదాకా అరగదీశాడు. ఒక్క పిసరు ఎక్కువైతే సెట్టే విరుగుతుంది. అన్నం క్యారేజీ మూత కూడా తియ్యలేదు. అలాంటి చేతులకు దణ్ణం పెట్టాలి. మళ్ళీ పొర వేసి, ఉడికించి, చల్లార్చి చూస్తే ఈసారి గోటికి ఎక్కడా పట్టు దొరకలేదు.

ఎలీసమ్మ లోపలికొచ్చి సెట్టు పెట్టుకుంది. పాడి చూడమన్నాడు. మొదట గొణిగింది, తర్వాత గొంతు విప్పింది. ఆ పాట ఇషాక్‌కి తెలియదు. అతని చూపంతా ఆమె పై పెదవి మీదే. పాట పైకి వెళ్ళినా సెట్టు కదల్లేదు. బయట బెంచీ మీదివాళ్ళు మాటలాపేశారు.

పాట అయ్యాక ఆమె చెయ్యి చాపింది.

“నీ ఫోనియ్యి నాయనా. రేపు పాట ఎత్తుకునేది నేనేనని పాస్టరుగారికి చెప్పాలి.”