ఇరవై నాలుగు నామాలు, ఒక్క ఉద్ధరిణి

నా చిన్నప్పుడు మరిపెడలో మా కిరాణా దుకాణం వెనుక, తులసి కోట పక్కన, ఒక పాత నూనె డబ్బాలో ఓమాకు చెట్టు ఉండేది. ఆ మందపాటి ఆకును నలిపితే చేతికి వాము వాసన అంటుకునేది. మా నాయనమ్మ ఆ ఆకుతో బజ్జీలు వేసేది, ఇంట్లో ఎవరికి దగ్గు వచ్చినా మిరియాలు వేసి కషాయం కాచేది.

ఒక కార్తీకంలో మా తాతయ్యకు గొంతు పట్టేసింది. మరో పది రోజుల్లో ఏకాదశి. ఆనాడు భజన మందిరంలో పురాణం చదవవలసింది ఆయనే. దవాఖాన మందుతో పాటు ఓమాకు కషాయం కూడా నడుస్తోంది. ఆకులు తరిగిపోతుంటే నాకు భయం వేసి దేవునికి మొక్కుకున్నాను. భజనలో నేర్చిన ఇరవై నాలుగు కేశవ నామాలు చదువుతూ, నామానికో చిన్న చెంబు చొప్పున ఆ చెట్టుకు రోజూ నీళ్లు పోశాను. చెబితే ఫలం పోతుందని ఎవరికీ చెప్పలేదు.

ఏడో రోజుకు చెట్టు మొదలు నల్లబడి మెత్తబడింది. ఆకులు చాలావరకు రాలిపోయాయి. నా భక్తిలోనే లోపం ఉందనుకుని ఏడుస్తూ నిజం చెప్పాను. నాయనమ్మ తిట్టలేదు. పచ్చగా మిగిలిన రెండు కొసలు తుంచి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చింది. కషాయానికి మాత్రం ఆకు లేదు. కిందటేడు తాను కొమ్మ ఇచ్చిన పక్కింటి అక్క దగ్గరికి నన్నే పంపి, జరిగింది దాచకుండా చెప్పమంది.

అక్క విని కడుపు పట్టుకుని నవ్వింది. “దేవుని పేరు జెప్పి చెట్టును ముంచినవా పిల్లా? మీ తాత గొంతుల గూడ గట్లనే చెంబులు పోస్తవా ఏంది?” అంది. అంటూనే నా గౌను ఒడి నిండా ఆకులు తెంపి వేసింది.

ఇంటికి వచ్చాక నాయనమ్మ పూజలోని ఉద్ధరిణి నా చేతిలో పెట్టింది. “మొక్కు దేవునిది బిడ్డా, నీళ్లు తాగేది చెట్టు. పొద్దుగాల మట్టిల వేలు పెట్టి దాన్ని అడుగు. తడి ఉంటె ఉత్త నామాలు సదువు. ఎండితె అన్ని నామాలకు గీ చెంచెడే సాలు” అంది.

ఏకాదశినాడు తాతయ్య పీట మీద కూర్చున్నాడు. గొంతు బొంగురుగానే ఉంది, కానీ మంగళహారతి దాకా చదవడం ఆపలేదు. కషాయం గ్లాసు పట్టుకుని పక్కన కూర్చున్నది నేనే. మరో వారానికి రెండు కొసలూ వేరు పట్టాయి.

ఈనాటికీ నా కుండీలో ఉన్నది ఆ కొసల సంతానమే. నామాలు మానలేదు, ముందు మట్టిలో వేలు పెట్టడమూ మానలేదు. దేవుడు భక్తిని చూస్తాడన్న నమ్మకం నాకు రవ్వంత కూడా తగ్గలేదు. అయితే అన్నం పళ్లెం పట్టుకుని మనుమరాలి వెంటపడబోయేటప్పుడు ఒక్క క్షణం ఆగుతాను. “ఆకలైతుందా బిడ్డా?” అని ముందు అడుగుతాను.