ఓణీల ఫంక్షన్‌కి నేను తెచ్చిన మంచు

ఒక ఆడపిల్ల శుభకార్యాన్ని ఒంటిచేత్తో ఎలా మంచులో కలపాలో నేర్చుకోదలచినవారు నా దగ్గరికి రావచ్చు. అనుభవజ్ఞుణ్ని.

అప్పట్లో నాకు ఇంగ్లండులోని రీడింగ్‌లో ఉద్యోగం. కొందరు స్టాంపులు పోగుచేస్తారు, కొందరు గాలం వేసుకుని కూర్చుంటారు. నేను చలికాలమంతా మంచు తుఫానుల కోసం ఇంటర్నెట్‌లో వాతావరణ పటాలు చూసేవాణ్ని. అవి ఆరు గంటలకోసారి మారేవి. పది రోజుల ముందు సరిగ్గా మా ఇంటి మీదే కనపడిన మంచు, వారం తిరక్కుండా స్కాట్లండ్ వెళ్లి, చివరికి నార్వేలో స్థిరపడేది. మాకు చినుకులు మిగిలేవి. ఇన్నిసార్లు మోసపోయినవాడికి బుద్ధి రావాలి కదా? నాకు ఆత్మవిశ్వాసం వచ్చింది. పెరట్లో చినుకు పట్టలేనివాడు అట్లాంటిక్‌లో తుఫాను పట్టాడట!

మా వీధి చివర ఉండే తెనాలి సుధాకర్ అన్న కూతురు అనూషకి ఫిబ్రవరిలో ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. వారం ముందు వెళ్లి కూర్చున్నాను.

"అన్నా, ఈ శనివారం వద్దు. మోకాలి లోతు మంచు పడుతుంది."

"టీవీలో ఎండేనన్నారు కదరా శ్రీనూ?"

"వాళ్లకేం తెలుసన్నా! వాళ్లకది ఉద్యోగం. నాకిది ప్రాణం."

"మరి పై శనివారం?"

"అద్దంలా ఉంటుంది. నాదీ పూచీ."

పాపం, పెద్దమనిషి నమ్మాడు. ముహూర్తం మారింది, హాలు మారింది, చుట్టాలందరికీ మళ్లీ ఫోన్లు వెళ్లాయి. మా ఆవిడ లలిత మాత్రం, "రోజూ తడిసి ఇంటికొచ్చే మనిషి మాట విని ముహూర్తం మార్చారా!" అని నోరెళ్లబెట్టింది.

నేను వద్దన్న శనివారం వచ్చింది. ఆ చలికాలం మొత్తానికీ దాచిపెట్టిన ఎండంతా ఒక్కరోజే కాసింది. ఎదురింటాయన చొక్కా విప్పి కారు కడుగుతున్నాడు. పదింటికి అనూష ఫోన్ చేసింది.

"అంకుల్, ఇట్స్ లిటరల్లీ సన్నీ."

"సాయంత్రానికి చూడమ్మా!"

సాయంత్రానికి మా వీధిలోకి ఐస్‌క్రీమ్ బండి వచ్చింది.

ఆ తర్వాత వారమంతా టీవీవాళ్లు వచ్చే శనివారం మంచు, మంచు అని మొత్తుకున్నారు. నా పటాల్లో మచ్చుకైనా లేదు. "పట్టించుకోకన్నా" అన్నాను. మంచన్నప్పుడు ఎండ కాసింది. ఈసారి ఎండన్నాను. ఇక మీరే ఊహించుకోండి.

చేసిన పాపానికి పరిహారంగా, పక్క ఊరు బేసింగ్‌స్టోక్‌లో విజయ ఆంటీ వండిన భోజనాలు తెచ్చే పని నెత్తిన వేసుకున్నాను. బిర్యానీ, పులిహోర, గారెలు కారు నిండా ఎక్కించుకుని ఫంక్షన్ రోజు పొద్దున్నే బయల్దేరాను. సగం దారిలో మొదలైంది. ఏళ్ల తరబడి కలవరించిన మంచు! దూదిపింజల్లా దిగి, గంటలో రోడ్డు మింగేసింది. ముందు లారీ, వెనక కార్లు, మధ్యలో నేను. ఒక్కటీ కదల్లేదు.

మధ్యాహ్నమైంది. వెనక కార్లో పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. చూస్తూ ఊరుకోలేక ట్రేల మూతలు తీశాను. వాసనకి ముందున్న లారీ డ్రైవరూ, మిగతా కార్లవాళ్లూ దిగొచ్చారు. అప్పుడే అన్న ఫోన్.

"ఒరేయ్, హాల్లో పంతులుగారు, మేము, నడిచొచ్చిన నలుగురు. భోజనాలెక్కడరా?"

"రోడ్డు మీదున్నాయన్నా."

"ఏం చేస్తున్నావురా అక్కడ?"

"వడ్డిస్తున్నా."

"ఎవరికి?"

"ఇంగ్లీషువాళ్లకి."

దానికి అన్న అన్నది అచ్చు వేయదగ్గది కాదు. అక్కడ అనూష ఓణీ కట్టుకుని, తాంబూలంలోని అరటిపండు తిని అక్షింతలు వేయించుకుందట.

ఫోన్ పెట్టేసి తలెత్తాను. లారీ డ్రైవరు మూడో గారె నములుతూ, నన్నూ నా ట్రేలనూ జాలిగా చూసి భుజం తట్టాడు.

"ఇంత పెట్టుకుని బయల్దేరేవాడివి, ఫోర్‌కాస్ట్ చూసుకోవద్దా, మేట్?"

పాఠక మహాశయులారా, ఆ నడిరోడ్డున, మోకాలి లోతు మంచు సాక్షిగా, ఎడంచేత్తో ఖాళీ పులిహోర ట్రే పట్టుకుని ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట రేపటి వాతావరణం ఎవరడిగినా ఎల్లుండి చెప్తాను.