జాబితాలో బాయి ఉద్యోగం

మా ఎంబీఏ విభాగానికి తనిఖీ బృందం వస్తోందనగానే, మంచి ఉద్యోగాలు సాధించిన పాత విద్యార్థుల జాబితా తయారుచేసే పని కాంట్రాక్టు లెక్చరర్‌నైన నా నెత్తిన పడింది. కరీంనగర్ అంతా గాలించినా నలుగురైనా దొరకలేదు. అందుకని గోదావరిఖని నుంచి వచ్చి మా దగ్గర చదువుకున్న ఒకతని పేరు కలిపి, ‘గనుల సంస్థలో ఉద్యోగి’ అని రాశాను. బొగ్గుబాయిలో తండ్రి చనిపోతే కొడుక్కి ఇచ్చే ఉద్యోగం అది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే రాశాను.

తనిఖీ రోజున వేదిక మీద అతనికి శాలువా కప్పి, చేతికి మైకిచ్చి మా హెడ్ అడిగాడు.

"గీ జాబు ఎట్ల సంపాయించినవో జర జూనియర్లకు చెప్పు బిడ్డా."

అతను శాలువా అంచు పట్టుకుని చెప్పాడు.

"బాయిల పైకప్పు కూలి మా బాపు సచ్చిపోయిండు సార్. గా నౌకరి నాకిచ్చిన్రు."

వెనక వరుసలో ఎవరో అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టారు. హాలంతా అందుకుంది. నేనూ కొట్టాను. ముందు వరుసలో తనిఖీ బృందం కూర్చుని ఉంది మరి.

తనిఖీ బాగానే జరిగింది. మరుసటి వారం హెడ్ నన్ను పిలిచి, చివరి సంవత్సరం విద్యార్థుల హాజరుపట్టీ నా ముందు పెట్టాడు.

"వచ్చేసారి జాబితా కోసం ఇప్పటిసంది చూసుకోవాలె. వీళ్లల్ల ఎవరెవరి తండ్రులు బాయిల పనిజేస్తున్రు?"

నేను పెన్ను తీసి ముగ్గురి పేర్ల పక్కన టిక్కు పెట్టాను.