ఆడపువ్వు విచ్చిన సాయంత్రం

లిఫ్టులు బాగుచేసే ఆ మెకానిక్‌ని తోటి పనివాళ్ళు సొరకాయల మాస్టారు అనేవాళ్ళు. ఇరవై రెండేళ్ళు చీకటి గుంతల్లో, గ్రీజు వాసనలో గడిపిన మనిషి కావడంతో వెలుగులోకి వచ్చాడంటే నోరు ఊరుకునేది కాదు. జారిపోతున్న లిఫ్టుని ఒంటిచేత్తో ఆపేశానంటాడు. చప్పుడు విని ఏ మర అరిగిందో చెప్పేస్తానంటాడు. ఇందులో రెండోది మాత్రం నిజం.

అలాంటివాడు ఆ ఏడు తొలి వానలకి నిజంగానే సొరగింజలు నాటాడు. కారణం భార్య. ఆవిడ ఇంట్లోనే కర్టెన్లు కుడుతుంది, వంట దగ్గర మాత్రం రాజీ పడదు. ఒకరోజు కొన్న సొరకాయ కోసి, "దీన్ని వండేకన్నా స్పాంజిముక్క వండుకోవడం నయమండీ" అంది. ఆ మాట ఈయనకి పట్టుకుంది. వాళ్ళుండే ఆరంతస్తుల మేడ డాబా మీద పాత రంగుడబ్బాల్లో మట్టి నింపాడు. పారేసిన లిఫ్టు తీగలతో పందిరి అల్లాడు. నెలన్నరకి తీగ పందిరి నిండా పాకింది. తెల్లటి పూలు, వాటి వెనక నూగు నూగుగా వేలెడు పిందెలు. చూసి పొంగిపోయాడు. నాలుగోరోజుకి పిందెలన్నీ పండిపోయి రాలిపోయాయి. ఆ తర్వాత వేసిన మూడు పిందెలూ అంతే.

పదో తరగతి చదివే కూతురు పుస్తకం తిరగేసి తేల్చింది. "నాన్నా, ఇంత పైకి పురుగులు రావట్లేదు. పుప్పొడి మనమే అంటించాలి. ఆడపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, పొద్దున్నకి వాడిపోతుంది. ఆ కాస్త టైములోనే పనైపోవాలి."

మర్నాడు ఒక ఆడమొగ్గ బాగా ఉబ్బింది, ఇవాళే విచ్చుకుంటుందని తేలిపోయింది. మెకానిక్‌కి పొద్దుట్నుంచీ కాలు ఒకచోట నిలవలేదు. సాయంత్రం ఐదింటికి ఇంటిదారి పట్టబోతుంటే ఫోను. నాలుగు వీధుల అవతల ఒక మేడలో లిఫ్టు ఆగిపోయింది, లోపల మనిషి ఉంది. ఉసూరుమంటూ వెళ్ళాడు.

లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య నిలిచిపోయింది. ఆయనతో జోడీగా పనిచేసే మెకానిక్ పైన మోటారు గదిలో బిగిసిపోయిన బ్రేకుతో కుస్తీ పడుతున్నాడు. ఈయన నాలుగో అంతస్తులో తలుపు జానెడు తెరిచి లోపలికి చూశాడు. డ్యూటీ దిగి వస్తున్న నర్సమ్మ ఒకావిడ, యాభై దాటిన మనిషి, నేలమీద నింపాదిగా కూర్చుని ఉంది.

"భయపడకండమ్మా, పావుగంటలో బయటికి తెచ్చేస్తాం."

"నాకేం భయం బాబూ. నీ మొహమే అలా ఉందేం?"

ఆయన జవాబు చెప్పేలోపే ఫోను మోగింది. భార్య. "ఏవండీ, విచ్చుకుంటోంది. మీరెక్కడున్నారు?"

మెకానిక్ స్పీకరు పెట్టాడు. "నేను రాలేను. నువ్వే చెయ్యాలి. పొడుగు కాడ ఉన్నది మగపువ్వు, దాన్ని కొయ్యి."

"అన్నీ పొడుగ్గానే కనబడుతున్నాయి నాకు."

కింద లిఫ్టులోంచి నర్సమ్మ అందుకుంది. "వెనకాల పిందె లేనిదే మగపువ్వు అమ్మాయ్."

"ఏవండీ, ఎవరావిడ?"

"లిఫ్టులో ఇరుక్కున్నావిడ. చెప్పింది విను."

నర్సమ్మ లేచి నిలబడి, తలుపు సందుకి నోరు దగ్గరగా పెట్టింది. "కోశావా? రేకులన్నీ తుంచెయ్. మధ్యలో పచ్చటి పొడి ఉందా? దాన్ని ఆడపువ్వు నడిమధ్యన మెల్లగా రాయి. గట్టిగా అదమకు, పసిబిడ్డకి మందు రాసినట్టు రాయాలి."

మెకానిక్ ఫోను తలుపు సందుకి ఇంకా దగ్గరగా పట్టుకున్నాడు. మెట్ల మీద పోగైన ఆ మేడలోని జనం కూడా ముందుకి వంగి విన్నారు. ఫోనులో గాలి చప్పుడు, కూతురు "అమ్మా, ఇంకొంచెం ఎడమకి" అనడం వినబడింది.

"అంటింది," అంది భార్య. "పచ్చగా అంటిందండీ, కనబడుతోంది."

సరిగ్గా అప్పుడే పైనుంచి జోడీ మెకానిక్ "బ్రేకు వదిలింది" అని కేకేశాడు. అతను మోటారు చక్రం చేత్తో తిప్పుతుంటే లిఫ్టు అంగుళం అంగుళం పైకొచ్చింది. నర్సమ్మ బయటికొచ్చి చీర సర్దుకుంటూ, "కాయ ముదరకుండా కొయ్యండి. ఆ రోజు నన్ను పిలవాలి మరి," అని నంబరిచ్చి వెళ్ళింది.

మూడు రోజులు ఇంటిల్లిపాదీ డాబా మెట్ల మీదే కాపురం పెట్టారు. నాలుగోరోజు పిందె పండలేదు సరికదా, రెండంగుళాలు సాగింది. భార్య కుట్టుపని టేపు తెచ్చి రోజూ కొలిచేది. కూతురు కొలతలు గోడమీద రాసేది. ఒక్క రాత్రి వానకి కాయ నాలుగు వేళ్ళు పెరిగితే, మెకానిక్ ఆ సంగతి పనిలో చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. ఆయన పట్టించుకోలేదు.

పదహారో రోజు కోశారు. నర్సమ్మ సాయంత్రం నాలుగింటికే వచ్చి తిన్నగా వంటింట్లోకి నడిచింది. ఆవిడ ముక్కలు తరిగింది, భార్య ఉల్లిపాయ, పచ్చిమిర్చి మగ్గించి ముక్కలేసి, చివర్లో కాసిని పాలు పోసి దించింది. కొత్తగా కలిసిన ఇద్దరూ ఉప్పు దగ్గర అప్పుడే వాదులాడుకున్నారు. మూత తీయగానే వచ్చిన ఆవిరికి మెకానిక్ మాటాడలేదు. కంచంలో మూడు ముద్దలు పూర్తయ్యేదాకా కూడా మాటాడలేదు.

"ఏంటండీ, నోరు పెగలదా?" అంది భార్య.

"వెన్నలా ఉంది," అన్నాడు మెల్లగా. కళ్ళు తుడుచుకున్నాడు. అది చూసి నర్సమ్మ ఇంకో గరిటె వడ్డించింది.

తిన్నాక కూతురు డాబా మీదికెళ్ళి, ఉరుకుతూ తిరిగొచ్చింది. "అమ్మా, ఇవాళ రెండు విచ్చుకుంటున్నాయి. ఒకటి పందిరి చివర్న, చెయ్యి అందదు."

భార్య స్టూలు అందుకుంది. నర్సమ్మ వయసు మర్చిపోయి ముందు నడిచింది. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే మెకానిక్ వాళ్ళ వెనక మెట్లెక్కాడు.