నొప్పితో వరస కలిపిన మనిషి

మా అత్తగారు కుట్టుపని చేస్తారు. కొత్త బట్టలు కుట్టడం ఎప్పుడో మానేశారు. ఇప్పుడు ఆవిడ దగ్గరికి వచ్చేవన్నీ పాతవే: చిరిగిన ప్యాంట్లు, జిప్పు ఊడిన సంచులు, అంచులు పీలికలైన పరదాలు. కాలరు అరిగిన చొక్కా ఇస్తే దాన్ని విప్పి, తిరగేసి, అరిగిన వైపు లోపలికి పోయేలా మళ్లీ కుడతారు. ఆ చొక్కా ఇంకొన్నాళ్లు దర్జాగా తిరుగుతుంది. అందుకే వీధిలో అందరికీ ఆవిడ కాలరు మామ్మ. ఆ పేరంటే లోలోపల ఎంత ఇష్టమో నాకు తెలుసు. పైకి మాత్రం, "ఇంకా కాలరెగరేసే వయసా నాది?" అంటారు.

మిషనేమో కాలితో తొక్కేది, మోకాళ్లేమో డెబ్బై దాటినవి. తంటా అక్కడే వచ్చింది.

ఆవిడ కూతురు, అంటే నా ఆడపడుచు, పక్కవీధిలోనే ఉంటుంది. నేను వదినా అని పిలుస్తాను. తల్లంటే ప్రాణం, కాకపోతే ఆ ప్రేమ కూడా పోలీసు ప్రేమ. కిందటేడు మోకాలు వాచి అత్తగారు మంచం పట్టినప్పుడు, "ఇంకొక్కసారి నొప్పి అన్నావో, ఈ మిషను మా ఇంటికి ఎత్తుకుపోతానమ్మా" అని తేల్చి చెప్పేసింది. అన్నంత పనీ చేసే మనిషి. మోటారు పెట్టించి చూశాం. "ఇది ఉరుకుతుందే గానీ నా మాట వినదు" అని అత్తగారు విప్పించేశారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో నొప్పి అన్న మాట వినపడలేదు. మాట పోయింది గానీ నొప్పి పోలేదు కదా! ఒక పొద్దున్న అత్తగారు నన్ను పిలిచి, "ఆడపడుచు వచ్చిందమ్మాయ్" అన్నారు గుసగుసగా. నేను కొంగు సర్దుకుంటూ వీధి గుమ్మంలోకి పరిగెత్తాను. ఎవరూ లేరు. వెనక్కి వచ్చి చూస్తే ఆవిడ మోకాలు నిమురుకుంటూ కొంటెగా నవ్వుతున్నారు.

"నీ ఆడపడుచు కాదు, నా ఆడపడుచు. పాపం పోయిందనుకో. బతికున్నన్నాళ్లూ చెప్పాపెట్టకుండా దిగేది. నేను కూర్చుంటే తప్పు, నుంచుంటే తప్పు. పొమ్మన్నట్టు కనపడితే ఇంకో నాలుగు రోజులుండేది. అసలు పట్టించుకోకపోతే ఇల్లు పీకి పందిరేసేది. చివరికి కుర్చీ వేసి, పలకరించి, నా పని నేను చేసుకోవడం నేర్చుకున్నాను. పోయేటప్పుడు అదే పోయేది. దీంతోనూ అంతే."

నిజంగా అలాగే చేసేవారు. నొప్పి రాగానే "వచ్చావా, కూర్చో" అని చిన్న పీట మీద కాలు చాపుకునేవారు. గుండీలు కుట్టుకుంటూ కూర్చుని, అది కాస్త సర్దుకున్నాక మిషను ఎక్కేవారు. డాక్టరు, "నొప్పికి పదికి ఎన్ని మార్కులేస్తారమ్మా?" అనడిగితే, "మార్కులేస్తే పై తరగతికి పోతుంది బాబూ, ఉన్నచోటే ఉండనీ" అన్నారు. అయితే ఈ హాస్యం రోజూ పనిచేసేది కాదు. కొన్ని రోజులు గోడవైపు తిరిగి పడుకుని, నాతో కూడా పలికేవారు కాదు. ఆ రోజుల్లో నాకు ఏడుపొచ్చేది. అయినా ఆ రహస్యం మా ఇద్దరి మధ్యే ఉంచాను. మిషను పోతే ఆవిడ ఏమైపోతారోనని నాకు భయం.

ఒకరోజు పొద్దున్నే వదిన వచ్చి, కూరగాయలిచ్చి, గొడుగు మర్చిపోయి వెళ్లింది. మధ్యాహ్నం దానికోసం తిరిగొచ్చిన సంగతి లోపలున్న మాకు తెలియదు.

"ఆడపడుచు ఇంకా పోలేదా అత్తయ్యా?" అన్నాన్నేను.

"ఎక్కడ పోతుంది! పొద్దుననగా దిగబడింది. నా ప్రాణం తోడేస్తోంది."

"పోనీ, మందు పెట్టేయనా?"

"పెట్టెయ్ తల్లీ. గట్టిగానే పెట్టు, పీడా పోతుంది."

ధడాలున తలుపు తెరుచుకుంది. వదిన మొహం కందగడ్డలా ఉంది. "నాకు మందు పెడతారా? ఇది సరే, పరాయింటి పిల్ల! కన్నతల్లివి, నువ్వు కూడానా అమ్మా?"

నా చేతిలో నొప్పుల మందు ట్యూబు. అత్తగారికి నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ ఆ కుదుపుకి మోకాలు కలుక్కుమని, "అమ్మా!" అని కేక పెట్టారు. వదిన చూపు పీట మీద వాచిపోయిన మోకాలి మీద పడింది. కోపమంతా దిగిపోయింది.

విషయం నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది. అంతా విని, వదిన వెళ్లి మిషను మీద గుడ్డ కప్పేసింది.

"తీసుకుపో," అన్నారు అత్తగారు. "కానీ ఒక్క మాట విను. అది ఉంటే నాకు రోజుకి నాలుగు చొక్కాలూ, ఒక నొప్పీ. అది పోతే నొప్పొక్కటే మిగులుతుంది. పొద్దస్తమానం దాని మొహమే చూస్తూ కూర్చోలేనే నేను. నాకు భయం."

వదిన ఆ గుడ్డ తీసేసి, తల్లి పక్కనే బల్ల మీద ఇరుక్కుని కూర్చుంది. "అయితే నేను తొక్కుతా, నువ్వు చొక్కా పట్టు."

తొక్కింది. కుట్టు కాలరు దాటి, భుజం మీదికి వంకరటింకరగా పాకిపోయింది.

"దిగవే తల్లీ," అన్నారు అత్తగారు దారం తెంపుతూ. "నీ కాలికంటే నా ఆడపడుచే నయం."

వదిన నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. వెళ్తూ వెళ్తూ గొడుగు మళ్లీ మర్చిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది. నేను స్పీకర్ పెట్టి అత్తగారి ముందు ఉంచాను.

"అమ్మా, మా మేనత్త వచ్చిందా?" అంది వదిన.

అత్తగారు మోకాలు ఒకసారి నిమురుకున్నారు. తర్వాత, "వచ్చిందే," అన్నారు. "ఇవాళ బాగా నొప్పిగా ఉంది."

"కుర్చీ వేసి కూర్చోబెట్టు. నేనొస్తున్నా."

అత్తగారు పీట మీద కాలు చాపుకుని, నిన్న పాడైన చొక్కా ఒళ్లో వేసుకుని, వదిన వేసిన కుట్లు ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టారు.