మామ తుపాకీకి మగ్గం వైద్యం

ఒక మనిషి ఒక్క మధ్యాహ్నంలో మామగారి పరువును, పోలీసుల ప్రాణాలను, తన కాపురాన్ని కలిపి గంగలో దించగలడా అని మీకు అనుమానం ఉంటే, సందేహించకండి. దించగలడు. నేను దించాను. దానికి కావలసిందల్లా రెండు ట్యూబుల జిగురు, కాస్త నూలు, బోలెడంత తెలివి.

అప్పటికి నాకు కొత్తగా పెళ్లయింది. భివండిలో, టెంఘర్ దగ్గర మా మామకు పవర్‌లూమ్ కార్ఖానా ఉంది. మగ్గాలకన్నా ఆయనకు ముద్దయినది గోడమీది రెండు గొట్టాల తుపాకీ. కరీంనగర్ పక్క పల్లెలో అడవిపందుల బాధకు వాళ్ల నాయన లైసెన్సు తీసుకున్నది. తర్వాత మామ పేరు మీదికి మారి, ఆయన వెంట భివండికి వచ్చింది. ఇక్కడ అడవిపందులు లేవు గనక దసరాకు బొట్టు పెట్టించుకోవడం, ఎలక్షన్లప్పుడు పోలీస్ స్టేషన్లో జమ కావడం, ఈ రెండే దాని ఉద్యోగాలు.

ఆ ఏడు ఎలక్షన్లు వచ్చాయి.

"అల్లుడా, నేను కాశేలి గోదాముకు పోయొస్త. తుపాకీ జర మంచిగ తుడిచి పెట్టు. రేపు పొద్దుగాల థానాకు పోవాలె," అన్నాడు మామ.

కొత్త అల్లుడికి తుపాకీ అప్పగించడమంటే మాటలు కాదు. ఆ గౌరవాన్ని ఒళ్లో పెట్టుకుని తుడుస్తుంటే అది కాస్తా జారి గచ్చు మీద పడింది. మగ్గాల మోతలో ఆ చప్పుడు ఎవరికీ వినిపించలేదు. తీసి చూద్దును గదా, చేత్తో పట్టుకునే సన్నటి మెడ దగ్గర చెక్క పగిలి, ఆ పగులు ఇనుము దాకా పాకింది.

నా భార్య లావణ్య వచ్చి చూసింది.

"నాయినకు చెప్పు."

"చెప్తే ఏమంటడు?"

"ఏమనడు. ఊకె చూస్తడు."

నా భయమూ అదే. మామ తిట్టే మనిషి కాదు. కళ్లజోడు పైనుంచి ఒక చూపు చూస్తాడు, అంతే. దానికన్నా నాలుగు తిట్లు తినడం సుఖం.

"నేనే బాగు చేస్త."

"నీకొస్తదా?"

"చెక్కనే గద. రోజు చేసే పనే."

నిజంగానే రోజూ చేసే పని. మగ్గంలో దారం మోసే నాడెను అటూ ఇటూ తోసే కర్ర ఒకటి ఉంటుంది. అది దెబ్బలు తినీ తినీ పగులుతుంది. పగిలితే మేం పారెయ్యం. పగుల్లో జిగురు పోసి, నూలు బిగించి చుట్టి, పగులు కొస కిందికి వచ్చేటట్టు వేలాడదీస్తాం. జిగురు చివరిదాకా దిగి పట్టేస్తుంది. తుపాకీకీ అదే వైద్యం చేశాను. పిసినారితనం లేకుండా రెండు ట్యూబులూ కలిపి పోశాను, నూలు చుట్టాను, గొట్టాలు కిందికీ చెక్క పైకీ ఉండేలా దూలానికి కట్టాను. కర్రకైతే పగులు కింద గాలి తప్ప ఏమీ ఉండదు. తుపాకీకి పగులు కిందే యంత్రమంతా ఉంటుందని నాకు తట్టలేదు.

సాయంత్రానికి మెడ రాయిలా గట్టిపడింది. మురిసిపోయి నూలు విప్పి, జిగురు మరకలు గీకి, గుడ్డలో చుట్టిపెట్టాను. తెల్లారి ఎందుకైనా మంచిదని, గొట్టాలు తెరుచుకునేందుకు పైన ఉండే మీటను పక్కకు తోశాను. కదల్లేదు. రెండు చేతులతో తోశాను. ఊహూ. కొండనాలుకకు జిగురేస్తే ఉన్న తుపాకీ బిగుసుకుపోయింది.

"అల్లుడా, ఆటో వచ్చింది."

"మామా, ఇయ్యాల మంగళవారం. రేపు పోదమా?"

"ఇయ్యాలనే ఆఖరు దినం. నడువు."

"వాన వచ్చేటట్టున్నది."

మామ ఆకాశం చూశాడు. మచ్చుకైనా మబ్బు లేదు. తర్వాత నన్ను చూశాడు. "పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది," అన్నాను. ఎక్కడి ప్రాణం, అది ఎప్పుడో పోయింది.

ఆటోలో నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మామ ఒళ్లో తుపాకీ పెట్టుకుని ఉత్సాహంగా ఉన్నాడు. "గీ మీట ఒక్క బొటనవేలుతోటి ఖుల్తది. మా నాయిన నేర్పిండు," అంటున్నాడు. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా, జిగురు దెయ్యమా, ఈ కుదుపుకైనా ఊడిరా అని మొక్కుకున్నాను.

స్టేషన్లో హవల్దారు, "ఖోల్ కే దిఖావో," అన్నాడు. తెరిచి చూపించమన్నమాట.

మామ నవ్వుతూ మీట మీద బొటనవేలు పెట్టాడు. నవ్వు అలాగే ఉంది, మీటా అలాగే ఉంది. ఈసారి రెండు చేతులూ వేశాడు. మెడమీద నరాలు తేలాయి.

"అందర్ గోలీ హై క్యా?" లోపల తూటా ఉందా అని హవల్దారు.

"నహీ సాబ్, ఖాలీ."

"పక్కా?"

మామ నావైపు తిరిగి, "తీసిననే అనుకుంట," అన్నాడు. తెలుగు ముక్క రాని హవల్దారుకు ఆ 'అనుకుంట' బ్రహ్మాండంగా అర్థమైంది. కుర్చీ వెనక్కి జరిగింది. తుపాకీని మూలనున్న ఇసుక బస్తాల వైపు తిప్పి పెట్టించారు. గది ఖాళీ అయింది. నిన్న నేను దాన్ని కిందపడేసి, కావలించుకుని, తలకిందులుగా కట్టిన సంగతులన్నీ గుర్తొచ్చి చెమటలు పట్టాయి. లోపల ఏముందో ఒక్కసారైనా చూడలేదు.

వరండాలో మామ బల్లమీద కూలబడి తన బొటనవేలు చూసుకుంటున్నాడు.

"అయిపోయింది అల్లుడా. చేతుల బలం పోయింది. యాది గూడ పోయింది. వచ్చే నెల సంది కార్ఖానా నువ్వే చూస్కో."

చూశారా, కూర్చున్నచోటికే కార్ఖానా వచ్చింది. నోరు మూసుకుంటే చాలు. నిజం చెప్తున్నా, కాసేపు మూసుకున్నాను కూడా. కానీ ఆయన ఆ బొటనవేలును మళ్లీ మళ్లీ వంచి చూసుకుంటున్నాడు. వాళ్ల నాయన తుపాకీ తెరవడం నేర్పిన వేలు అది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"మామా, మీ బలం ఎటు పోలే. నేను జిగురు పోసిన."

"ఏంది?"

"కిందపడి పలిగింది. కర్రకు పోసినట్టు పోసి, తలకిందులు కట్టిన. లోపటికి దిగింది."

కళ్లజోడు పైనుంచి ఆ చూపు రానే వచ్చింది. నేను భూమిలోకి దిగిపోవడానికి తయారయ్యాను. ఇంతలో మామ పొట్ట కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"జిగురు వేడికి మెత్తబడుతది. ఇస్త్రీ పెట్టె పెడితే?" అని సలహా కూడా ఇచ్చాను నేను. మామ అది హిందీలోకి మార్చి చెప్పగానే హవల్దారు నన్ను మరో రెండడుగుల దూరం నిలబెట్టాడు. చివరికి ఠాణే పట్నం నుంచి తుపాకులు బాగుచేసే మనిషి వచ్చి, మరలు విప్పి, జిగురు గీకి, గొట్టాలు తెరిచాడు. తూటాలు లేవు. మామ యాది కూడా భద్రంగానే ఉంది.

రసీదులో ఏం రాయాలని హిందీలో అడిగాడు హవల్దారు.

మామ నిటారుగా నిలబడి, చొక్కా సర్దుకున్నాడు. "లిఖో సాబ్. బందూక్ ఖాలీ, దామాద్ కా దిమాగ్ భీ ఖాలీ." తుపాకీ ఖాళీ, అల్లుడి బుర్రా ఖాళీ అని.

కార్ఖానా ఊసు ఆయన మళ్లీ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

కావున యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, మగ్గం సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఇకమీదట మామ ఎప్పుడు 'నా బలం పోయింది' అన్నా, వైద్యుణ్ని పిలవకముందు నా చేతులు వాసన చూసుకుంటాను, జిగురు కంపు కొడుతున్నాయేమోనని.