ఎర్రబోరు దగ్గర ఇప్పపూలు ఏరిన రెండు ఉదయాలు

మా చెల్లెలు హుసేనమ్మకు కానుపు దగ్గరపడిందని జగదల్‌పూర్ నుంచి కబురు వచ్చింది. దాని మొదటి బిడ్డ పుట్టిన పూటే పోయింది. ఈసారి అమ్మ పక్కనుంటే తప్ప ధైర్యం చాలదని చెప్పి పంపింది. మేము దూదేకులవాళ్ళం. చెల్లెలి భర్త జగదల్‌పూర్ బజారులో పరుపులు కుడతాడు. నేను శబరి ఇవతల మా ఊళ్ళో పిల్లలకు చదువు చెబుతాను. బస్తర్ సంస్థానంలోకి అంతకుముందు నేను అడుగుపెట్టి ఎరగను. ఆ దారిన పోదలచిన వాళ్ళకు పనికొస్తుందని చూసింది చూసినట్టు రాస్తున్నాను.

రంజాన్ నెల సగం గడిచాక, ఎండలు ముదురుతున్న రోజుల్లో, తెల్లవారుతూనే పడవెక్కి శబరి దాటాం. మనిషికి ఒక అణా తీసుకున్నారు. అవతలి ఒడ్డున కుంట అనే ఊళ్ళో మడకం ఎర్రయ్య అనే దొర్ల తెగవాడి బండి కుదిరింది. రోజుకు రూపాయి, ఎద్దుల మేత అతనిదే. దోర్నపాల్, సుక్మా, తోంగ్‌పాల్ మీదుగా జగదల్‌పూర్ చేరడానికి ఏడు రోజులు పడుతుందన్నాడు. ప్రయాణంలో ఉన్నవాళ్ళకు రోజా ఉపవాసం నుంచి సడలింపు ఉంది కాబట్టి అమ్మ ఉండలేదు, ఇంటికొచ్చాక ఉంటానంది. నేను మాత్రం ఉన్నాను. ఆ సంగతి ఎర్రయ్యకు రెండుసార్లు చెప్పాను కూడా.

ఆ రాత్రికి మజిలీ అనుకున్న ఎర్రబోరు ఇంకా కొంత దూరం ఉందనగా ఎండ మాడ్చేస్తుంటే ఒక చెట్ల గుంపు కింద బండి విప్పాం. ఎర్రయ్య నీళ్ళకు వాగు వైపు పోతూ ఎద్దులను చూస్తూ ఉండమన్నాడు. అమ్మ బండి నీడన నడుం వాల్చింది. నేను చెట్టుకు ఆనుకుని కూర్చుని, ఎప్పుడు కన్ను మూశానో తెలియదు. లేచేసరికి ఎద్దులు లేవు. పొదల వెనక అలికిన కళ్ళంలో ఎవరో ఆరబోసిన ఇప్పపూలు మేస్తున్నాయి. తిన్నవి తినగా మిగిలినవి పేడలో, మట్టిలో కలిపేశాయి.

చుట్టుపక్కల ఎవరూ లేరు. ఎర్రయ్య వచ్చి ఎద్దులను లాక్కొచ్చి గబగబా కాడి ఎత్తాడు. "ఎవలు చూడలే. పోదాం పా సారూ. పొద్దుగూకకముందు ఎర్రబోరుల ఉండాలె, ఈ అడవిల పులి తిరుగుతది" అన్నాడు.

నాకూ పోదామనే ఉంది. పైగా నాకు మంచి సాకు దొరికింది. "ఎట్లాగూ సారా కాచేందుకే గదమ్మా. అది హరాము. పోతే పోయింది" అన్నాను.

అమ్మ కళ్ళం దగ్గరకు వెళ్ళి వంగి, మట్టి అంటిన నాలుగు పూలు చేతిలోకి తీసుకుంది. "నీ రోజా నోటికొక్కదానికేనా మస్తానూ? ఇయ్యి ఎవరివో అడుగుదాం పా" అంది.

"చెల్లి ఎదురుచూస్తుంటదమ్మా."

"నాకు తెల్వదా? బిడ్డ నిలవడం అల్లా చేతిల ఉంది. ఈ పూలు మన చేతిల పోయినయ్."  అలా అంటూ ముందు తనే నడిచింది.

దగ్గర్లోనే నాలుగు గుడిసెలున్నాయి. కళ్ళం కుంజం కన్నమ్మది. భర్త కట్టె కొట్టే పనికి దూరం పోయాడు, ఇద్దరు చిన్న ఆడపిల్లలతో ఉంటోంది. అమ్మ దాచకుండా చెప్పింది. కన్నమ్మ మాతో వచ్చి కళ్ళం చూసి, గట్టు మీద కూలబడింది. తిట్టలేదు. పాడైన పూలను చేత్తో తిరగేసి చూసింది. ఆ తర్వాత నెమ్మదిగా, "మూడు బుట్టలు అవ్వా. వానకాలం గింజలు ఒడిసినంక ఇయ్యే ఉడకబెట్టి పోరలకు పెడ్త" అంది.

సారాకు కాదా అని అడగబోయి ఆగాను. నేను అడగకుండానే, "పండక్కి దేవునికి కొంత సారా కాస్తం. మిగిలినయ్ తిండికే" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తప్పు నాదేనని, నిద్రపోయానని అప్పుడు చెప్పాను. జేబులోంచి రూపాయి తీస్తే ఆమె చేయి అడ్డం పెట్టింది. "ఇది ఉడుకుతదా? సంతకు పోతే సావుకారు ఏమిస్తడో నాకు తెల్వదా?"

"మరి నువ్వే చెప్పు బిడ్డా. ఏం చేస్తే సరిపోతది?" అని అమ్మ అడిగింది.

కన్నమ్మ ఆలోచించింది. "వాగు అవతల మాయే రెండు చెట్లున్నయ్. ఎలుగులు వస్తయని ఒక్కదాన్ని పోత లేను. తోడు వచ్చి ఏరిస్తే చాలు."

ఎండినవి మూడు బుట్టలు కావాలంటే పచ్చివి అంతకు మూడింతలు ఏరాలట. అంటే రెండు ఉదయాలు. నేను అమ్మ ముఖం వైపు చూశాను. "ఏరుదాం" అంది. ఎర్రయ్య సణిగాడు గానీ ఎద్దులు తనవే కదా, అతనూ ఉండిపోయాడు.

పొద్దు వాలింది. నేను పొద్దున్నుంచి ఏమీ తినలేదని అమ్మ చెబితే కన్నమ్మ ఆశ్చర్యపోయింది. సూర్యుడు దిగగానే ఆకుదొప్పలో ఉడికించిన ఇప్పపూలు, సొరకాయ బుర్రలో నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. మా ఎద్దులు పాడుచేయగా మిగిలిన వాటిలోంచి తెచ్చినవే. నేను ఒక్క క్షణం తడబడ్డాను. "పువ్వేగదరా" అంది అమ్మ. బిస్మిల్లా అని నోట్లో వేసుకున్నాను. తడి ఖర్జూరంలాగా మెత్తగా, అంతకంటే ఘాటైన తీపితో ఉంది. నేను తినేదాకా కన్నమ్మ పిల్లలిద్దరూ నా నోటి వంకే చూస్తూ కూర్చున్నారు. బాగుందన్నాక నవ్వుతూ లోపలికి పారిపోయారు.

మర్నాడు వేకువనే వాగు దాటాం. ఎర్రయ్య ముందు నడుస్తూ పాత రేకు డబ్బా వాయించాడు. పొదల్లో ఏదో బరువుగా కదిలి దూరమైంది, అది ఏమిటో చూసే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. చెట్ల కింద నేలంతా పూలే. వంగి ఏరుతుంటే గంటకే నా నడుం పట్టేసింది. అమ్మ మాత్రం కన్నమ్మతో కూతురి కబుర్లు చెబుతూ, పోయిన మొదటి బిడ్డ సంగతి చెబుతూ నాకంటే రెట్టింపు ఏరింది. కన్నమ్మకూ ఒక బిడ్డ అలాగే పోయిందట. ఆ రెండు రోజులూ నేను రోజా ఉండలేదు. సడలింపు ఇచ్చినవాడు తెలియక ఇవ్వలేదు కదా అనిపించింది. అమ్మ అడగలేదు, నేను చెప్పలేదు. రెండో రోజు ఎండెక్కేసరికి కళ్ళం మళ్ళీ నిండింది. బండి కదులుతుంటే కన్నమ్మ అమ్మ చేతులు పట్టుకుని, "నీ బిడ్డకు మంచిగైతది పో అవ్వా" అంది.

మిగిలిన దారి గురించి చెప్పాలంటే, సుక్మాలో మజిలీకి చోటు దొరుకుతుంది, తోంగ్‌పాల్ దాటాక ఎత్తు ఎక్కాలి, ఎద్దులు అలసిపోతాయి. తొమ్మిదో రోజు మధ్యాహ్నం జగదల్‌పూర్‌లో చెల్లెలి ఇంటి ముందు దిగాం. ఆడపిల్ల పుట్టింది, బాగుంది. పుట్టింది ముందు రోజే. ఒక్క రోజు తేడాతో అందుకోలేకపోయాం. హుసేనమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. "నువ్వు రాలేదు గదమ్మా" అని మాత్రం అంది.

అమ్మ ఏ సాకూ చెప్పలేదు. మంచం పక్కన కింద కూర్చుని, "రాలేకపోయిన బిడ్డా" అని ఏడ్చింది. ఎర్రబోరు దగ్గర కన్నీరు రాలేదు, ఇక్కడ ఆగలేదు. నేనే కూర్చుని జరిగింది మొదటినుంచి చెప్పాను, నా నిద్ర సంగతితో సహా. హుసేనమ్మ కదలకుండా వింది. చివరకు ఇటు తిరిగి, "ఆమె పిల్లలు ఎంతెంత ఉంటరమ్మా?" అని అడిగింది. అమ్మ చేత్తో ఎత్తు చూపించింది. చెల్లెలు పక్కనున్న పసిదాన్ని ఎత్తి అమ్మ ఒళ్ళో పెట్టింది.

కన్నమ్మ కళ్ళం దాకా ఆ నెలంతా నేను నా ఆకలిని చూసుకుని మురిసిపోతూ గడిపాను. ఇద్దరు పిల్లల వానాకాలపు తిండి కళ్ళంలో ఎండుతుంటే నాకు సారా తప్ప మరొకటి కనిపించలేదు. మంచి ముసల్మానుగా బతకాలని నాకు నిజంగానే ఉంది. అందుకు కావలసిన చూపు అమ్మకు ఎప్పుడు అబ్బిందో, ఎవరు నేర్పారో తెలియదు. అక్షరం రాని మనిషి. రోజూ కాస్త కాస్తగా నేర్చుకుంటున్నాను, కొన్ని రోజులు మరిచిపోతున్నాను కూడా. ఇప్పపూల కాలంలో ఆ దారిన బండి మీద వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: ఎద్దులను విప్పే ముందు వాటి మూతికి చిక్కాలు కట్టండి, లేదా చుట్టూ కళ్ళాలు ఉన్నాయేమో పొదల వెనక నాలుగడుగులు వేసి చూసుకోండి.